పగడపు దిబ్బ దగ్గర స్కూబా డైవింగ్: సముద్ర జీవులను చూడడం ఎలా

పగడపు దిబ్బ దగ్గర తొలిసారి డైవ్ చేసి పైకి వచ్చినవారిని ఏం చూశారని అడిగితే చాలామంది చెప్పేది ఒక్కటే: బోలెడన్ని చేపలు. ఏ చేపలని మళ్ళీ అడిగితే, పసుపుగా ఒకటి, నీలం చారలతో ఇంకొకటి అని ఆగిపోతారు. నా లాగ్‌బుక్‌లో మొదటి పేజీలూ ఇలాగే ఉన్నాయి. ఒకచోట ‘తాబేలు, వెళ్ళిపోయింది’ అని మాత్రమే రాసుకున్నాను. అది దానంతట అది వెళ్ళలేదనీ, నేను కాళ్ళు టపటపా కొట్టుకుంటూ వెంటపడితే వెళ్ళిపోయిందనీ రాయలేదు. ప్రాథమిక కోర్సు పూర్తి చేసి, నీళ్ళలో భయం తగ్గి, ఇక చూడడం నేర్చుకోవాలనుకునే వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. చేప పేరు తెలుసుకోవడానికి ముందు అది ఆ క్షణంలో చేస్తున్న పనిని గమనించే అలవాటు చేసుకుంటే, పేర్లు వాటంతట అవే తరువాత వస్తాయని నా అనుభవం. కింద చెప్పే పద్ధతి అంతా ఆ అలవాటు కోసమే.

దిగే ముందు: ఏ సముద్రంలో ఏది ఉంటుందో తెలుసుకోండి

ఉష్ణమండలపు దిబ్బలన్నీ ఒకేలా ఉండవు. ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, తూర్పు తిమోర్ దేశాల మధ్య ఉన్న సముద్రాన్ని పగడపు త్రిభుజం అంటారు. దిబ్బలు కట్టే పగడాల్లో దాదాపు 600 జాతులు, దిబ్బ చేపల్లో 2,000కు పైగా జాతులు అక్కడ ఉన్నాయి. కరీబియన్ సముద్రంలో అలాంటి పగడాల జాతులు వందకు లోపే. అందువల్ల కరీబియన్‌లో క్లౌన్‌ఫిష్ కోసం వెతకడం వృథా, ఎందుకంటే ఆ చేప అట్లాంటిక్ వైపు అసలు లేదు. అక్కడ కనిపించే లయన్‌ఫిష్ మాత్రం హిందూ, పసిఫిక్ మహాసముద్రాల నుంచి మనుషుల వల్ల చేరి, స్థానిక చేపలను తినేస్తున్న చొరబాటుదారు. దిగబోయే చోట ఏయే జీవులు మామూలుగా ఉంటాయో గైడ్‌ను ముందురోజే అడిగి, అందులో మూడింటిని మాత్రమే ఎంచుకోండి. పది ఎంచుకున్నవారు ఒక్కదాన్నీ సరిగా చూడరు.

ఆటుపోట్ల సమయాన్ని కూడా అడగండి. ప్రవాహం వచ్చి దిబ్బకు తగిలే మూల దగ్గర పాచి (నీటిలో తేలే ప్లాంక్టన్) తినే చిన్న చేపలు గుంపు కడతాయి, వాటి కోసం పెద్ద చేపలు వస్తాయి. అయితే అదే ప్రవాహంలో ఒకచోట నిలబడి చిన్న జీవులను చూడడం కుదరదు. పెద్దవాటి కోసమైతే ప్రవాహం ఉన్న వేళ, చిన్నవాటి కోసమైతే నీరు నిలకడగా ఉన్న వేళ మేలు. ఇక సన్‌స్క్రీన్ విషయానికి వస్తే, పగడాలకు హాని చేసే రసాయనాలున్న రకాలను పలావు దేశం 2020లో, హవాయి రాష్ట్రం 2021లో నిషేధించాయి. పొడవు చేతుల రాష్‌గార్డ్ అనే ఈత చొక్కా వేసుకుంటే ఆ తలనొప్పే ఉండదు.

బరువు సరిచూసుకోండి, లేదంటే మిగతాదంతా దండగే

జీవులను చూడడానికి కావలసిన మొదటి నైపుణ్యం కళ్ళది కాదు, తేలుడుది. నడుముకు బరువు ఎక్కువైన డైవర్ కాళ్ళు కిందికి వాలి, ఇసుక రేపుతూ, ఆ బరువును మోయడానికి తేలేందుకు వేసుకున్న జాకెట్‌లో గాలి నింపుతూ వదులుతూ ఉంటాడు. అతని చుట్టూ పది అడుగుల్లో ఏ జీవీ నిలవదు. డైవ్ చివర, సిలిండర్‌లో 50 బార్ గాలి మిగిలినప్పుడు పరీక్షించుకోండి. నీటి ఉపరితలంలో నిటారుగా ఉండి, గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని, జాకెట్‌లోని గాలి పూర్తిగా వదిలేసి, మామూలు శ్వాస తీసుకుని ఒక్క క్షణం ఆపినప్పుడు నీరు కళ్ళ మట్టంలో ఉండాలి, గాలి వదలగానే మెల్లగా మునగాలి. డైవ్ మొదట్లోనే పరీక్షిస్తే, నిండు సిలిండర్‌లోని గాలికి కూడా సుమారు రెండు, రెండున్నర కిలోల బరువు ఉంటుందనీ, అది చివరికి చాలావరకు తరిగిపోతుందనీ లెక్క వేసుకోవాలి.

కిందికి వెళ్ళాక శరీరాన్ని అడ్డంగా, బల్లపరుపుగా ఉంచండి. మోకాళ్ళు వంచి, కప్ప ఈదినట్టు ఫిన్స్‌ను పక్కలకు తోయండి. అలా చేస్తే నీటి తోపు వెనక్కి పోతుంది గాని కిందికి పోదు, ఇసుక లేవదు. ఎత్తు కొద్దిగా మార్చాలంటే జాకెట్ బటన్ నొక్కకుండా ఊపిరితోనే మార్చండి. గాలి పీల్చిన రెండు మూడు సెకన్ల తరువాత గాని శరీరం పైకి లేవదు కాబట్టి, అడ్డుగా ఉన్న పగడానికి దగ్గరయ్యాక కాకుండా కాస్త ముందే పీల్చాలి. ఊపిరి బిగబట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. గేజీ, అదనపు రెగ్యులేటర్ వేలాడకుండా జాకెట్‌కు తగిలించుకోండి. గొట్టం చివర వేలాడే గేజీ పగడాన్ని గీసుకుంటూ వెళ్ళడాన్ని దాన్ని ధరించిన మనిషి తప్ప అందరూ చూస్తారు.

మొదటి ఐదు నిమిషాలు ఒకేచోట ఉండండి

దిగగానే ఈదడం మొదలుపెట్టకండి. ఐదు నుంచి పన్నెండు మీటర్ల లోతులో ఒక పగడపు బండను ఎంచుకుని, దానికి రెండు మీటర్ల దూరంలో, ఇసుక మీద ఆనకుండా తేలుతూ ఆగండి. ఆ లోతే ఎందుకంటే, పది మీటర్ల దగ్గర పీడనం ఉపరితలానికి రెట్టింపు, ఇరవై మీటర్ల దగ్గర మూడింతలు. సిలిండర్‌లోని గాలి కూడా అదే లెక్కన ఖర్చవుతుంది. తక్కువ లోతులో సమయమూ ఎక్కువ, వెలుగూ ఎక్కువ. ఐదారు మీటర్లు దాటితే ఎరుపు వన్నె తగ్గడం మొదలై, ఆపైన దాదాపు మాయమవుతుంది. మట్టిరంగులో కనిపించే స్పాంజి మీద పగటి పూటైనా టార్చ్ వేసి చూడండి, అది నెత్తురు ఎరుపుగా మారుతుంది. నీళ్ళలో మాస్క్ గుండా చూసినప్పుడు వస్తువులు మూడో వంతు పెద్దవిగా, ఉన్న దూరంలో నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయని కూడా గుర్తుంచుకోండి. పైకి వచ్చి చెప్పే సొర చేప పొడవుల వెనక రహస్యం చాలావరకు ఇదే.

మొదటి నిమిషంలో దిబ్బ ఖాళీగా కనిపిస్తుంది, ఎందుకంటే మీరు రాగానే దాక్కోవలసినవన్నీ దాక్కున్నాయి. రెండో నిమిషంలో నీలం, ఆకుపచ్చ రంగుల డామ్సెల్ చేపలు కొమ్మల్లోంచి పైకి వస్తాయి. మూడో నిమిషానికి ఎవరి హద్దుల్లో వారు తరుముకోవడం మొదలవుతుంది. ఈలోగా చెవులకు ఎండిన కొమ్మలు మంటలో చిటపటలాడినట్టు ఒక శబ్దం వినిపిస్తూ ఉంటుంది. అది పిస్టల్ రొయ్యలు పంజా గట్టిగా మూయడం వల్ల పుట్టే చప్పుడు. ఎటునుంచి వస్తోందో వెతకకండి. నీటిలో ధ్వని గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది కాబట్టి మన చెవులు దిక్కును పట్టుకోలేవు.

ముందు పగడాన్ని చదవండి

పగడం రాయీ కాదు, మొక్కా కాదు. ఎనిమోన్లనే పువ్వులాంటి సముద్ర జీవులకూ జెల్లీఫిష్‌కూ చుట్టమైన జంతువు. పాలిప్ అనే చిన్న జీవులు వేలాదిగా కలిసి సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి కణజాలంలో నివసించే శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, పగడానికి కావలసిన శక్తిలో అధికభాగం ఇస్తాయి. అందుకే ఇలాంటి దిబ్బలు వెలుతురు పడే వెచ్చని లోతులేని నీళ్ళలోనే పెరుగుతాయి. బండ రూపంలో పెరిగే పోరైటీస్ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మనిషి ఎత్తున్న బండ వయసు వందేళ్ళు దాటి ఉంటుంది.

తెల్లగా కనిపించిన ప్రతిదీ వడలిన పగడం అనుకోకండి. ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. కొమ్మలుగా పెరిగే అక్రోపోరా పగడపు కొసలు తెల్లగా ఉంటే అవి కొత్తగా పెరుగుతున్న చివర్లు, అది ఆరోగ్యం. కొమ్మంతా తెల్లగా ఉండి, దగ్గరికి వెళ్ళి చూస్తే గాజులాంటి పల్చని పొరా చిన్న చిన్న పాలిప్‌లూ ఇంకా కనిపిస్తుంటే, వేడి వల్ల శైవలాలను పోగొట్టుకున్న పగడం అది. ఇంకా బతికే ఉంది, నీరు త్వరగా చల్లబడితే కోలుకోగలదు. వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు కొనసాగితే చాలు ఇలా జరగడానికి. 1998, 2010, 2014–17ల్లో ప్రపంచవ్యాప్తంగా ఇది జరిగింది, నాలుగోసారి జరుగుతోందని 2024లో ప్రకటించారు. తెలుపు ఒకవైపు మచ్చలా ఉండి, దాని అంచున నూగు శైవలం పట్టడం మొదలైతే, ముళ్ళ కిరీటం అనే పెద్ద నక్షత్రచేప తిని వెళ్ళిన గుర్తు కావచ్చు. చుట్టుపక్కల కొమ్మల అడుగున వెతకండి, సుమారు ఇరవై చేతుల వరకు ఉండే ఆ జీవి పగలు అక్కడే నక్కి ఉంటుంది. జంటగా, పక్కపక్కన గీసిన రెండు చిన్న గాట్లు కనిపిస్తే అవి చిలుక చేప పళ్ళ గుర్తులు.

చిలుక చేపను కాసేపు వెంబడించకుండా గమనించండి. అది దిబ్బను కొరుకుతున్న చప్పుడు మీకు స్పష్టంగా వినిపిస్తుంది. శైవలంతోపాటు సున్నపు రాయినీ నమిలి, కొద్ది నిమిషాలకు తోకవైపు నుంచి తెల్లని ఇసుక పొగలా వదులుతుంది. నుదుటిపై బుడిపె ఉండే భారీ చిలుక చేప ఒక్కొక్కటీ ఏడాదికి ఐదు టన్నులకు పైగా దిబ్బను కొరికి పిండి చేస్తుందని లెక్కించారు. పగడపు దీవుల తెల్లని తీరాల్లో ఎండలో పడుకున్నవారికి తాము పడుకున్నది దేనిమీదో ఎవరూ చెప్పరు.

ఎవరు ఎవరికి ఏం చేస్తున్నారో చూడండి

దిబ్బ మీద నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు క్లీనింగ్ స్టేషన్. నిటారుగా నిలిచిన బండో, వెడల్పాటి పగడమో ఏదో ఒక గుర్తు ఉన్న చోట, వేలెడంత పొడవుతో, నీలి ఒంటి మీద ముక్కు నుంచి తోక వరకు నల్లచార ఉన్న క్లీనర్ రాస్ చేప ఒకటో రెండో ఉంటాయి. దాని దగ్గరికి పెద్ద చేపలు వచ్చి వరుసలో ఆగుతాయి. ఒక గ్రూపర్ వచ్చి నోరు తెరిచి, మొప్పల మూతలు విప్పి, ఒంటి రంగు కాస్త పాలిపోగా అలాగే తేలుతుంది. రాస్ ఎగిరెగిరి పడుతున్నట్టు ఈదుతూ ముందుకు వచ్చి, నోట్లోకి దూరి, మొప్పల సందులోంచి బయటికి వస్తుంది. ఇవి ఒక్కొక్కటీ రోజుకు వెయ్యికి పైగా పరాన్నజీవులను ఏరి తింటాయి. అయితే క్లీనర్‌కు అసలు ఇష్టమైనది పరాన్నజీవులు కాదు, చేప ఒంటి మీది జిగురు. అప్పుడప్పుడు అది మోసం చేసి జిగురును కొరుకుతుంది. ఆ క్షణంలో పెద్ద చేప ఒళ్ళు ఒక్కసారి జలదరించినట్టు అదరడం మీరు చూడగలిగితే, ఇక మీరు దిబ్బను చూడడం నేర్చుకున్నట్టే.

ఈ వేషంలోనే ఇంకో చేప తిరుగుతుంది. సేబర్‌టూత్ బ్లెన్నీల్లో ఒకటి అచ్చం క్లీనర్ రంగులే వేసుకుని, శుభ్రం చేయించుకోవడానికి వచ్చినదాని రెక్క ముక్క కొరుక్కుని పారిపోతుంది. తేడా నోటి దగ్గర తెలుస్తుంది: అసలు క్లీనర్ నోరు ముక్కు కొసన ఉంటుంది, మోసగాడిది కింది వైపుకు జారి ఉంటుంది. స్టేషన్ దగ్గర మీరు రెండు మూడు మీటర్ల అవతలే ఉండాలి. దగ్గరికి వెళ్తే వరుస చెదిరిపోతుంది, అది మళ్ళీ కుదురుకోవడానికి మీ సిలిండర్ ఆగదు.

రెండోది ఇసుకలో చూడవలసిన దృశ్యం. దిబ్బ అంచున, బొటనవేలు పట్టేంత రంధ్రం ముందు ఒక గోబీ చేప కాపలా కూర్చుని ఉంటుంది. అర నిమిషం ఆగితే లోపలి నుంచి ఒక రొయ్య బుల్‌డోజర్‌లా ఇసుకను ముందుకు తోసుకుంటూ వచ్చి, బయట పారబోసి వెనక్కి వెళ్తుంది. దానికి చూపు చాలా తక్కువ. బయట ఉన్నంతసేపూ మీసం ఒకటి గోబీ ఒంటికి తాకిస్తూనే ఉంటుంది. గోబీ తోక చిన్నగా ఆడిస్తే రొయ్య చటుక్కున లోపలికి పోతుంది. ఇంకాస్త దగ్గరికి వెళ్తే గోబీ కూడా తల ముందుగా దూరిపోతుంది, ఆట అయిపోతుంది. ఒంటిని ఇసుకకు సమాంతరంగా తక్కువ ఎత్తులో ఉంచి, చాలా నెమ్మదిగా జరుగుతూ, గోబీ తోక ఆడిన మొదటిసారే ఆగండి. ఆ ఆడింపు రొయ్య కోసం మాత్రమే కాదు, మీకు కూడా హద్దు అక్కడే.

మోరే ఈల్ నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే అది బెదిరింపు అనుకుంటారు. అది శ్వాస తీసుకునే పద్ధతి మాత్రమే. పగటిపూట గ్రూపర్ ఒకటి ఈల్ బొరియ ముందుకు వెళ్ళి తల అటూ ఇటూ వేగంగా ఊపడం కనిపిస్తే కదలకుండా ఉండండి. కలిసి వేటాడదాం రమ్మని పిలుపు అది. ఎర్ర సముద్రంలో చేసిన పరిశీలనలను 2006లో ప్రచురించారు: ఈల్ సందుల్లోకి దూరి చిన్న చేపలను బయటికి తరుముతుంది, బయట గ్రూపర్ కాచుకుంటుంది, లోపలే ఇరుక్కున్నవి ఈల్‌కు దక్కుతాయి.

క్లౌన్‌ఫిష్ గురించి అందరికీ తెలుసనుకుంటారు గాని, ఎక్కువమంది దాన్ని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. ఎనిమోన్‌లో ఉన్న గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, రెండోది దాని జత మగది, మిగిలిన చిన్నవి వరుసలో వేచి ఉన్నవి. ఆడది చనిపోతే మగదే ఆడదిగా మారుతుంది. ఎనిమోన్ మొదట్లో రాతి మీద నారింజ రంగులో గానీ, వెండి చుక్కలుగా గానీ ఒక పట్టీ కనిపిస్తే అవి గుడ్లు; మగది వాటి మీద రెక్కలతో నీటిని విసురుతూ ఉంటుంది. వెండి చుక్కలు పిల్లల కళ్ళు, అంటే పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చే రోజు దగ్గర పడిందన్నమాట.

రంగును కాదు, ఆకారాన్ని నమ్మండి

రంగు చూసి చేపను గుర్తుపట్టబోతే మోసపోతారు. ఎంపరర్ ఏంజెల్‌ఫిష్ పిల్లకు ముదురు నీలి ఒంటి మీద తెల్లని వలయాలుంటే, పెద్దదానికి పసుపు చారలుంటాయి. రెండూ ఒకటేనని చాలాకాలం ఎవరూ అనుకోలేదు. చిలుక చేపల్లో, రాస్‌లలో ఆడదీ మగదీ వేరే జాతుల్లా కనిపిస్తాయి, ఆడవి మగవిగా మారుతాయి కూడా. అందుకని ఆకారంతో కుటుంబాన్ని పట్టుకోండి. పళ్ళెంలా పల్చగా, చిన్న మూతి ముందుకు పొడుచుకొచ్చి, జంటగా తిరిగేవి సీతాకోక చేపలు. వాటికన్నా కాస్త పెద్దగా ఉండి, చెంప మీద వెనక్కి తిరిగిన ముల్లు ఉంటే ఏంజెల్‌ఫిష్. తోక దాదాపు కదపకుండా పక్క రెక్కలతోనే ఎగురుతున్నట్టు ఈదేవి రాస్‌లు, చిలుక చేపలు. తోక మొదట్లో కత్తిలాంటి ముల్లుంటే సర్జన్ చేప. ఈ నాలుగైదు తెలిస్తే పగటి చేపల్లో సగం వరకు ఏ కుటుంబానివో చెప్పగలుగుతారు.

దాక్కున్నవాటిని వెతికే పద్ధతి

వేషం వేసుకున్న జీవిని వెతకాలంటే జీవిని కాకుండా అది ఉండే ఇంటిని వెతకాలి. విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్ అనే పగడం కనిపిస్తే ఆగి చూడండి. పిగ్మీ సీహార్స్ అనే రెండు సెంటీమీటర్ల సముద్రపు గుర్రం ఉందని మనుషులకు తెలిసిందే 1969లో. న్యూ కలెడోనియాలో జార్జ్ బార్జిబాన్ అనే ఆయన మ్యూజియం కోసం సేకరించిన సీ ఫ్యాన్‌ను పరిశీలిస్తున్నప్పుడు దాని మీద ఇది కనిపించింది. ఒంటి మీది బుడిపెలు కూడా ఆ ఫ్యాన్ మూసుకున్న పాలిప్‌ల రంగులోనే, ఆకారంలోనే ఉంటాయి. దాన్ని చూసేందుకు ఫ్యాన్‌ను వంచడం, వేలితో పక్కకు జరపడం, ఫ్లాష్‌లు వరసగా వేయడం చేయకండి. రెండు కళ్ళూ, చుట్టుకున్న తోకా కనిపించే దాకా ఒక కొమ్మ తరువాత ఇంకో కొమ్మను చూపుతోనే వెతకాలి.

ఎనిమోన్ అంచు మడతల్లో పింగాణీ పీత, సముద్ర దోసకాయ ఒంటి మీద ఎంపరర్ రొయ్య, స్పాంజి మీద న్యూడిబ్రాంక్ ఉంటాయి. న్యూడిబ్రాంక్ పెంకు లేని సముద్రపు నత్త. వాటిలో చాలా జాతులు ఒక్కో రకం ఆహారమే తింటాయి, కాబట్టి ఆ ఆహారం ఉన్నచోటే దొరుకుతాయి. తల మీద రెండు కొమ్ములూ, వెనక పువ్వులా విచ్చుకున్న మొప్పలూ కనిపిస్తే అదే. ఆక్టోపస్‌కు మాత్రం వేరే పద్ధతి: రంధ్రం ముందు ఒకేచోట పోగుపడిన ఖాళీ పీత డొప్పలు, గవ్వలు కనిపిస్తే లోపల ఎవరో భోజనం చేసి ఉన్నారన్నమాట. మీరు కదలకపోతే మొదట ఒక కన్ను, తరువాత చర్మం గరుకుగా మారుతూ మెల్లగా మిగతా ఒళ్ళు బయటికి వస్తాయి.

అప్పుడప్పుడు దిబ్బకు వీపు తిప్పండి

చిన్నవాటిలో మునిగిపోయినవారు వెనక నీలిలో ఏం పోయిందో తెలుసుకోరు. ప్రతి రెండు నిమిషాలకూ ఒకసారి తల తిప్పి నీలంలోకి చూడండి. వైట్‌టిప్ సొర పగలు ఇసుక మీదో గుహలోనో పడుకుని ఉంటుంది, దాన్ని లేపకండి. గ్రే రీఫ్ సొర వీపు గూనిగా వంచి, పక్క రెక్కలు కిందికి దించి, బిగుసుకుని ఈదుతుంటే అది స్పష్టమైన హెచ్చరిక; కళ్ళు దాని మీదే ఉంచి మెల్లగా వెనక్కి వెళ్ళండి. మాంటా రే క్లీనింగ్ స్టేషన్‌కు వస్తే, దాని పైన కాకుండా పక్కన, తక్కువ ఎత్తులో ఉండి, బుడగలు దాని పొట్టకు తగలకుండా చూడండి. పొట్ట మీది మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, శాస్త్రజ్ఞులు వాటితోనే ఏది ఏదో గుర్తిస్తారు. తిమింగల సొరకు కూడా ఒంటి చుక్కలే గుర్తు. పద్దెనిమిది మీటర్ల దాకా పెరిగే ఈ చేప లోకంలో అతి పెద్దది, తినేది మాత్రం పాచి, చిన్న జీవులు.

తాబేలు ఎదురైతే వెనకనుంచి వెళ్ళకండి, పైనుంచి అసలు వెళ్ళకండి, ఎందుకంటే అది గాలి కోసం ఎప్పుడైనా పైకి రావాలి. పక్కగా, అది తింటున్న చోటికి నాలుగైదు మీటర్ల దూరంలో ఆగితే, చాలాసార్లు అది తినడం ఆపదు. మూతి డేగ ముక్కులా సన్నగా ఉండి, కళ్ళ మధ్య పొలుసులు రెండు జతలుంటే అది స్పాంజిలు తినే హాక్స్‌బిల్. ముఖం గుండ్రంగా, పొలుసులు ఒకే జతగా ఉంటే గడ్డి, శైవలాలు తినే పచ్చ తాబేలు.

ముట్టుకోకూడనివి

ఏదీ ముట్టుకోకపోతే ఈ భాగం మీకు పెద్దగా అవసరం లేదు. రాతిలాగే పడివుండే స్టోన్‌ఫిష్ వీపు మీద 13 విషపు ముళ్ళుంటాయి. ఇసుకలో మోకాలు ఆనించేవారికే ఇది ఎక్కువ ప్రమాదం. లయన్‌ఫిష్, స్టింగ్‌రే కూడా పొడుస్తాయి. ఈ మూడింటి గాటుకూ ప్రథమ చికిత్స ఒకటే: 45 డిగ్రీలు మించకుండా, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ముంచి ఉంచి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. వేడి తట్టుకోగలరో లేదో గాయం లేని చేతితో ముందు చూడండి. అందమైన శంకువు ఆకారపు నత్త గుల్లలో బతికి ఉన్న కోన్ స్నెయిల్ ఉండవచ్చు, దాని విషం మనిషి ప్రాణం తీయగలదు. నీలి వలయాల ఆక్టోపస్ కాటుకు విరుగుడు మందు లేదు. శ్వాస కండరాలు చచ్చుబడతాయి కాబట్టి ఆస్పత్రికి చేరేదాకా కృత్రిమ శ్వాస ఇస్తూ ఉండాలి. ఫైర్ కోరల్ పేరుకే పగడం, నిజానికి హైడ్రాయిడ్లు అనే కుట్టే జీవుల చుట్టం. ఆవపొడి రంగులో ఉండే దాని కొసలు తగిలితే చర్మం మండుతుంది.

దాడి చేసేది మాత్రం నిజానికి ఒక్కటే అనుకోండి, గూడు కాపాడుకుంటున్న టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్. వీపు ముల్లు నిక్కబొడుచుకుని మీ వైపు ఒక కన్ను తిప్పి చూసిందంటే లెక్క మొదలైనట్టే. దాని హద్దు గూటి నుంచి గరాటులా పైకి విస్తరిస్తుంది, కాబట్టి పైకి ఈదితే ఇంకా హద్దులోనే ఉంటారు. అడ్డంగా, ఫిన్స్ దాని వైపు ఉంచి, వేగంగా దూరం వెళ్ళండి. నా ఒక ఫిన్ అంచున రెండు అర్ధచంద్రాల గాటు ఉంది. ఆ రోజు నేను పైకే ఈదాను.

రాత్రి డైవ్

పగలు బాగా తెలిసిన చోటే రాత్రి దిగండి. పగటి చేపలు బీటల్లోకి పోయి, పగడపు పాలిప్‌లు విచ్చుకుని, దిబ్బంతా నూగు పట్టినట్టు మారుతుంది. కొన్ని జాతుల చిలుక చేపలు తమ చుట్టూ పారదర్శకమైన జిగురు సంచి అల్లుకుని అందులో నిద్రపోతాయి. రక్తం పీల్చే పరాన్నజీవుల నుంచి అది కాపాడుతుంది. టార్చ్ నేరుగా వేయకుండా, వెలుగు అంచు మాత్రమే తగిలేలా పట్టుకుని చూడండి. చిన్న చేపల మీద టార్చ్ నిలిపితే, ఆ వెలుగును వాడుకుని పక్కనే తిరుగుతున్న లయన్‌ఫిష్ వాటిని మింగేస్తుంది. నేరం ఎవరిదో మీకే తెలియాలి. చివర్లో బడ్డీకి, అంటే మీ జత డైవర్‌కు, సైగ చేసి, ఇద్దరూ టార్చ్‌లు ఛాతీకి ఆనించి చీకటి చేసి చేయి ఊపితే, మెరిసే పాచి వేళ్ళ చుట్టూ రవ్వల్లా వెలుగుతుంది. గ్రేట్ బారియర్ రీఫ్‌లో వసంతం చివర, పౌర్ణమి తరువాత కొన్ని రాత్రుల్లో పగడాలు ఒక్కసారిగా గుడ్లు, వీర్యం వదులుతాయని శాస్త్రజ్ఞులు 1980ల తొలి సంవత్సరాల్లోనే కనుక్కున్నారు. ఆ వారం అక్కడ ఉండే అవకాశం వస్తే మిగతా ప్రణాళికలన్నీ పక్కన పెట్టండి.

పైకి వచ్చి రాసుకోండి

ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌ను వృథా చేయకండి. చాలా చోట్ల దిబ్బ పైభాగం సరిగ్గా ఆ లోతులోనే ఉంటుంది, వెలుగు కూడా అక్కడే ఎక్కువ. చేతికున్న డైవ్ కంప్యూటర్ చూసుకుంటూనే ఎదురుగా ఉన్న ఒక పగడపు కొమ్మలోకి చూడండి. కొమ్మల సందుల్లో చిన్న పీతలు పంజాలు విప్పి మిమ్మల్ని బెదిరిస్తుంటాయి. పగడాన్ని తినడానికి వచ్చిన ముళ్ళ కిరీటం నక్షత్రచేపను కూడా ఇవి అలాగే పంజాలతో నొక్కి తరుముతాయి.

పడవ ఎక్కిన గంటలోపే లాగ్‌బుక్ తీయండి. పేరు తెలియకపోతే పేరు రాయకండి. లోతు, సమయం, ఎక్కడ, ఏం చేస్తోంది అని రాసి, పక్కన ఒక బొమ్మ గీయండి. కళ్ళ మధ్య పొలుసులు ఎన్నో, నోరు ఎక్కడుందో ఆ బొమ్మలో ఉంటే, సాయంత్రం పుస్తకంలో వెతుక్కోవడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. మరునాడు కొత్త చోటికి వెళ్దామని అందరూ అంటారు. వీలుంటే మీరు అదే చోటికి మళ్ళీ దిగండి. నిన్నటి బండ దగ్గర అదే క్లీనర్ రాస్, ఇసుకలో అదే రంధ్రం, రంధ్రం ముందు అదే గోబీ ఉంటాయి. ఈసారి దాని తోక ఆడకుండానే ఇంకో జానెడు దగ్గరికి వెళ్ళగలరేమో చూసుకోండి.